ఆ సీసాల మీద పేర్లు ఆవిడ చదవలేరు

ప్రశ్న: మేడమ్, నా వయసు 36. హైదరాబాద్ మియాపూర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ మాది. మా వారూ నేనూ ఇద్దరం ఉద్యోగస్తులం, ఇద్దరు పిల్లలు. పోయిన ఏడాది మామయ్యగారు కాలం చేశాక తణుకు దగ్గర పల్లెటూరి నుంచి అత్తయ్యగారిని మా దగ్గరికి తెచ్చుకున్నాం. మొన్న ఫిబ్రవరిలో సంవత్సరీకాలు కూడా అయ్యాయి. ఆవిడ వస్తూ నాలుగు జాడీలు, ఇత్తడి గుండిగలు, పెద్ద పెద్ద స్టీలు డబ్బాలు వెంట తెచ్చుకున్నారు. అంతకు ఆరు నెలల ముందే నేను లోన్ పెట్టి వంటగది కొత్తగా చేయించుకున్నాను. గాజు సీసాలు కొని పప్పులు, పొడులు అన్నీ వాటిలో పోసి, ఇంగ్లీషులో పేర్లు ప్రింట్ చేయించి అంటించాను. ఆవిడ ఐదో తరగతి వరకు చదివారు. ఏ పొడి కావాలన్నా నాలుగైదు సీసాల మూతలు తీసి వాసన చూస్తారు, తిరిగి మూత గట్టిగా పెట్టరు. జాడీలేమో గట్టు మీదే ఉండాలంటారు. మా అపార్ట్‌మెంట్‌లో నాకు నలుగురు స్నేహితురాళ్ళు. రోజూ వాట్సాప్‌లో కూరలు, టిఫిన్లు, ఇంటి సంగతులు చెప్పుకుంటాం. ఒకరోజు విసుగొచ్చి, ఆవిడ సీసాలు వాసన చూడటాన్ని అనుకరిస్తూ వాయిస్ మెసేజ్ పెట్టాను. అందరూ నవ్వారు. మా చిన్నాడు ఆడుకుంటూ ఫోన్‌లో అది నొక్కాడు. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. మూడు వారాలుగా వంటింట్లో అడుగు పెట్టడం లేదు. పెడితే తింటారు, లేదంటే ఆకలి లేదంటారు. మా వారు ‘మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకు’ అంటున్నారు. నేను స్నేహితురాళ్ళతో మాట్లాడటం మానెయ్యాలా? ఆవిడ సామాన్లు ఏం చెయ్యాలి? టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: చూడమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది చోటు చాలని వంటింటి గొడవ అనుకున్నాను. రెండోసారి చదువుతుంటే రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. సీసాల మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆవిడ ఐదో తరగతి వరకు చదివారు. ఈ రెండూ మీరే రాశారు, పక్కపక్కనే రాశారు.

ఒకసారి ఆవిడ నిలబడే చోట నిలబడి మీ అలమర తెరిచి చూడండి. అన్నీ ఒకే సైజు సీసాలు, ఒకే రకం మూతలు. ధనియాల పొడి, జీలకర్ర పొడి గాజులోంచి చూస్తే ఒకే రంగులో ఉంటాయి. మైదా ఏదో బియ్యప్పిండి ఏదో కంటికి తెలియదు. పల్లెటూళ్ళో ఆవిడ వంటిల్లు ఎలా ఉండేదో ఊహించండి. నలభై ఏళ్ళ పాటు చూడకుండానే చెయ్యి వెళ్ళి కారం డబ్బా మీద పడేది. చింతపండు ఏ గూట్లో ఉందో, బెల్లం ఏ డబ్బాలో ఉందో చీకట్లో కూడా తెలిసేది. ఇక్కడికి వచ్చాక ఆవిడకి చదువుకోవడానికి మిగిలింది వాసన ఒక్కటే. అందుకే మూతలు తీస్తున్నారు. గట్టిగా పెట్టకపోవడానికి కారణం కూడా నిర్లక్ష్యం కాకపోవచ్చు. కొత్త రకం సీసాలకి తీగతో బిగించే మూతలుంటాయి, బొటనవేలితో బలంగా నొక్కితే గానీ పడవు. ఆ వయసు వేళ్ళకి అది కష్టం.

మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఈ ఆలోచన మీకు రాకపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు. పొద్దున్నే లేచి పిల్లల బాక్సులు, టిఫిను, వంట చూసుకుని ఆఫీసుకు పరిగెత్తే మనిషికి, లోన్ కట్టుకుంటూ ఇష్టంగా చేయించుకున్న వంటగది ఎంత అపురూపమో నాకు తెలుసు. ఆ ఇంట్లో మీకంటూ, మీ ఇష్టప్రకారం ఉన్న చోటు బహుశా అదొక్కటే. ఆ చోట్లోకి ఇంకొకరి జాడీలు వచ్చి కూర్చుంటే ఒళ్ళు మండటం సహజం.

కానీ ఆ జాడీల గురించి మీరు ఒక విషయం రాయలేదు. వాటిలో ఏముంది? మన వైపు చాలా ఇళ్ళల్లో ఏటిసూతకంలో పచ్చళ్ళు పెట్టరు. కాబట్టి పోయిన ఎండాకాలం ఆవిడ ఆవకాయ పెట్టి ఉండరని నా అనుమానం. అంటే ఆవిడ గట్టు మీద ఉంచమంటున్నవి చాలావరకు ఖాళీ జాడీలే అయ్యుండాలి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఏటా నింపిన జాడీలు మొదటిసారి ఖాళీగా ఉండటం, మామయ్యగారు లేకపోవడం, సొంత ఇల్లు వదలడం, అన్నీ ఒకే ఏడాదిలో జరిగాయి. ఆవిడ కంటికెదురుగా ఉంచుకోవాలనుకుంటున్నది పింగాణీ పాత్రలనే అని నేను అనుకోలేకపోతున్నాను.

ఇంత బాధ మీద ఆ వాయిస్ మెసేజ్ వినబడింది. అందుకే అన్నిటికంటే ముందు క్షమాపణ. ఇది వాయిదా వెయ్యకండి. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసుకుని ఆవిడ పక్కన కూర్చోండి. ‘అత్తయ్యా, ఆ రోజు నేను ఫోన్‌లో మిమ్మల్ని ఎగతాళి చేశాను. తప్పు చేశాను. మీకు పనికొచ్చేలా సీసాల మీద పేర్లు రాయకపోవడం కూడా నా పొరపాటే’ అనండి. అంతవరకే. ‘మీరు బాధపడి ఉంటే’ అనొద్దు, బాధపడ్డారని మీకు తెలుసు. ‘నాకూ ఆఫీసులో టెన్షన్లు’ అని మొదలుపెట్టొద్దు, ఆ మాట ఇంకో రోజు చెప్పుకోవచ్చు. ‘అయ్యో, దానికేముందమ్మా’ అని ఆవిడ కొట్టిపారేసినా పని అయిపోయిందనుకోకండి. ఆ తరం ఆడవాళ్ళు మనసులో ఉన్నది వెంటనే బయటపెట్టరు. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏమీ మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని కూర్చోవడం కూడా ఆ సమయానికి చాలు.

మీ చిన్నబ్బాయి సంగతి కూడా చూడండి. వాడు నొక్కిన దగ్గర్నుంచే నానమ్మ మౌనంగా అయిపోయిందని పిల్లలు ఇట్టే పట్టేస్తారు, తమ వల్లే అనుకుంటారు. ‘అది నీ తప్పు కాదు నాన్నా, అమ్మ అనకూడని మాట అంది, నానమ్మకి సారీ చెప్పాను’ అని వాడితో చెప్పండి.

ఇక స్నేహితురాళ్ళు. మానెయ్యకండి. సాయంత్రం నలుగురు కలిసి ఇవాళ ఏం వండారు, దొండకాయ వేపుడు మెత్తబడకుండా ఎలా చెయ్యాలి, పిల్లాడు బాక్సు ఖాళీ చెయ్యలేదు అని చెప్పుకోవడంలో ఎంత ఊరట ఉందో నాకు తెలుసు. ఊరు కాని ఊళ్ళో ఆ మాటలే తోడు. అత్తగారితో ఇబ్బందిగా ఉందని వాళ్ళ దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నా తప్పు లేదు. మీ బాధ మీది, అది చెప్పుకునే హక్కు మీకుంది. ఆవిడ చేతులు, ఆవిడ ముఖం, ఆవిడ వాసన చూసే తీరు మాత్రం మీవి కావు. వాటిని పదిమంది నవ్వుకోవడానికి పంచిపెట్టకూడదు. ఆ గ్రూపులోనే ‘ఆ మెసేజ్ పెట్టి తప్పు చేశాను, అత్తయ్య విన్నారు, దయచేసి ఇక దాని గురించి నవ్వొద్దు’ అని ఒక మాట రాయండి. మంచి స్నేహితురాళ్ళయితే అర్థం చేసుకుంటారు. వాళ్ళల్లో ఎవరికైనా అమ్మో అత్తగారో ఇంట్లో ఉండే ఉంటారు, ఒక సాయంత్రం వాళ్ళని మీ ఇంటికి పిలిస్తే అత్తయ్యగారికీ మాట్లాడే మనిషి దొరుకుతుంది.

సామాన్ల సంగతి మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. మీరొక్కరే సర్దేసి తర్వాత చూపించడం వద్దు. సీసాలన్నిటి మీదా తెలుగులో పేర్లు రాయండి, పెద్ద అక్షరాలతో. కావాలంటే ఇంగ్లీషు కింద ఉంచుకోండి. రోజూ వాడే పోపు సామాన్లు మాత్రం సీసాల్లోంచి తీసి ఆవిడ పోపుల డబ్బాలోనే పొయ్యండి. ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర చేతికి అందేలా ఒక్కచోట ఉండటానికి దాన్ని మించినది లేదు.

ఆవిడ స్టీలు డబ్బాలు పాతవని పక్కన పెట్టకండి. కారం గాజు సీసాలో వెలుతురుకి రంగు వెలిసిపోతుంది, మూత ఉన్న స్టీలు డబ్బాలో ఎర్రగా నిలుస్తుంది. పచ్చళ్ళకి మాత్రం జాడీయే కావాలి. ఉప్పు, పులుపు స్టీలుని తినేస్తాయి, ప్లాస్టిక్‌కి వాసన పట్టేస్తుంది, పింగాణీకి ఏమీ కాదు. మీరు కోరుకున్నట్టు జాడీలు గట్టు మీంచి తియ్యొచ్చు. పొయ్యి వేడికీ సింకు తడికీ దూరంగా, కింది అరలో చోటు ఇవ్వండి. అటక మీద పెడతానంటే ఎలా? నిండు జాడీని ఆవిడ దించలేరు కదా. వారానికి సరిపడా పచ్చడి చిన్న జాడీలోకి తీసుకుంటే పెద్దదాన్ని మాటిమాటికీ తెరవక్కర్లేదు. ఈ లెక్కలన్నీ ఆవిడకి నాకంటే బాగా తెలుసు, అడగండి. కందిపప్పు పురుగు పట్టకుండా ఎన్ని రోజులు ఎండబెట్టాలో, బొంబాయి రవ్వ ఎంత వేయించి పోసుకోవాలో కూడా అడగండి. గుండిగల్లో ఏది ఉంచాలో, ఏది అటకెక్కించాలో ఆవిడనే చెప్పనివ్వండి. పాత ఇత్తడి కింద అమ్మేద్దామన్న మాట మాత్రం ఇప్పుడు ఎత్తకండి.

మీ వారి గురించి నిర్మొహమాటంగా చెబుతాను. ఆయన మీ ఇద్దరి మధ్య ఉన్న మనిషి కాదు, ఆవిడ కొడుకు. తండ్రి పోయిన దుఃఖం ఆయనకీ ఉంది, బహుశా అందుకే తప్పుకుంటున్నారు. ఈ పేరా ఆయనతో చదివించండి. ఆదివారం పొద్దున అమ్మని వెంటబెట్టుకుని కూకట్‌పల్లి రైతు బజారుకి వెళ్ళమనండి. కూరలు ఆవిడ ఏరతారు, సంచి ఆయన మోస్తారు. దారిలో నాన్నగారి మాట వస్తే రానివ్వమనండి.

ఆకలి లేదన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. భర్త పోయి ఏడాది దాటినా తిండి తగ్గిపోవడం, నిద్ర లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం అలాగే ఉంటే అలక అనుకుని వదిలెయ్యకూడదు. ఒకసారి డాక్టరుకి చూపించండి. ఒంట్లో ఇంకేదైనా సమస్య ఉన్నా బయటపడుతుంది. మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్‌లో సలహా చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఉంది, 14416కి ఫోన్ చేస్తే డబ్బు కట్టకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆవిడకే కాదు, నిద్ర పట్టని మీకు కూడా ఆ నంబరు పనికొస్తుంది.

ఇదంతా ఒక్క వారంలో సర్దుకోదు. కానీ మంచి సమయంలోనే రాశారు, మామిడికాయల రోజులివి. సంవత్సరీకాలు అయిపోయాయి కాబట్టి ఈ ఏడు పచ్చడి పెట్టొచ్చు. క్షమాపణ చెప్పిన రెండు మూడు రోజులకి, ‘అత్తయ్యా, ఈసారి ఆవకాయ మనింట్లోనే పెడదాం, మీరు చెప్పండి నేను చేస్తాను’ అనండి. పాతిక కాయలతో మొదలుపెడితే చాలు. కాయ గట్టిదో కాదో, పులుపు ఎంతుందో ఆవిడ చూసి ఎంచాలి. కొట్టించేటప్పుడు ముక్కకి టెంక ఉందో లేదో ఆవిడ పక్కనే నిలబడి చూడాలి. మీరు పొడి గుడ్డతో ముక్కలు తుడిచి, లోపలి జీడీ, పల్చటి పొరా తీసెయ్యండి. ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా వెయ్యాలని నేను చెబుతాను, ఉప్పు పిసరు తగ్గించమని ఆవిడ అనొచ్చు. ఆవిడ మాటే వినండి. పప్పునూనె ఆవిడ చేత్తోనే పోయించండి. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టాక మూడో రోజు తిరగకలిపేటప్పుడు వేడన్నంలో మొదటి ముద్ద ఆవిడకి మీరు కలిపి పెట్టండి.

ఆ జాడీ మీద అంటించే చీటీ కూడా ఆవిడ చేతే రాయించండి, తెలుగులో. ఏ సంవత్సరం ఆవకాయో కూడా వెయ్యమనండి.