ఏడాదికి ఎన్ని పుస్తకాలు? లెక్క పేజీలతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది జడ్చర్ల. మహబూబ్‌నగర్‌లో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది 52 పుస్తకాలు చదవాలని జనవరిలో లక్ష్యం పెట్టుకున్నాను. ఆగస్టు ముగిసేసరికి 19 అయ్యాయి, వాటిలో చాలావరకు చిన్నవే. వెనకబడ్డానని తెలిసినప్పటి నుంచి పుస్తకం పట్టుకోవాలంటేనే దిగులుగా ఉంటోంది. డిగ్రీ తర్వాత గ్రూప్స్ రాయాలని ఉంది. ఈ సమయమంతా గ్రూప్స్ పుస్తకాలకే పెట్టమని నాన్న అంటున్నారు. లక్ష్యాన్ని వదిలేయమంటారా?

జవాబు: లక్ష్యాన్ని వదలకండి, అంకెను మార్చండి. ఏడాదికి 52 వారాలు కాబట్టి 52 పుస్తకాలు అనుకున్నారు. మీ దినచర్యకు, ఆ అంకెకు సంబంధం లేదు. పుస్తకం సగటున 200 పేజీలు అనుకున్నా రోజుకు 28, 29 పేజీలు చదవాలి. అది కూడా పండుగ పూట, జ్వరం వచ్చిన రోజున, సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి కూడా తప్పకుండా. రోజూ బస్సులో కాలేజీకి వెళ్లివచ్చే విద్యార్థికి అది మోయలేని బరువు. మీరు వెనకబడ్డారని నేను అనుకోవడం లేదు. ఎనిమిది నెలల్లో 19 పుస్తకాలు పూర్తి చేసిన డిగ్రీ విద్యార్థులు నా దగ్గరికి వచ్చేవారిలో చాలా తక్కువ.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించిన మాట ‘చాలావరకు చిన్నవే’ అన్నది. లెక్క పెరగాలని పలుచని పుస్తకాలు ఏరుకోవడం మొదలయ్యాక లావుపాటి చరిత్ర పుస్తకం కనబడితే ‘ఇది తెరిస్తే నెల పోతుంది’ అనిపిస్తుంది. చేయి వెనక్కి వస్తుంది. మీకు రేపు ఎక్కువగా పనికొచ్చేవి అలా అలమారులోనే మిగిలిపోయిన పుస్తకాలే.

అందుకే పుస్తకాలు లెక్కపెట్టడం ఆపి పేజీలు లెక్కపెట్టండి. ముందుగా మీ వేగం తెలుసుకోవాలి. ఈ రాత్రే ఒక తెలుగు పుస్తకం తీసుకుని, గడియారం చూసుకుని, మామూలుగా చదివే తీరులోనే పది పేజీలు చదవండి. ఇరవై నిమిషాలు పట్టిందనుకుందాం. అప్పుడు అరగంటకు 15 పేజీలు. ఆ అరగంట మీకు జడ్చర్ల బస్సులో దొరకవచ్చు, నిలబడి ప్రయాణించాల్సి వస్తే రాత్రి భోజనం తర్వాత దొరకవచ్చు. సెప్టెంబరు నుంచి డిసెంబరు చివరి వరకు 122 రోజులు. పరీక్షలకు, పండుగలకు 22 రోజులు వదిలేయండి. మిగిలిన వంద రోజుల్లో 1500 పేజీలు, అంటే 200 పేజీల పుస్తకాలు ఏడు. ఈ ఏడాదికి మీ కొత్త లక్ష్యం అదే. మూడు పుస్తకాలు 500 పేజీలవి చదివినా లక్ష్యం పూర్తయినట్టే. ఇకమీదట లావు పుస్తకాన్ని చూసి భయపడనక్కర్లేదు.

నమోదుకు ఒక సన్నని నోటుపుస్తకం చాలు. ఫోనులో రాసుకునే సదుపాయాలు ఎన్నో ఉన్నాయి గాని, ఫోను తెరిచిన చేయి మరో నాలుగు చోట్లకు వెళుతుందని నా అనుభవం. రోజుకు ఒక పంక్తి రాయండి: తేదీ, పుస్తకం పేరు, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, దాని పక్కన ఆరోజు మనసులో నిలిచిన ఒక్క విషయం. పుస్తకం నచ్చక ఆపేస్తే ఎందుకు ఆపారో కూడా రాయండి. చదివిన ఆ పేజీలు లెక్కలోకి వస్తాయి. వరుసగా నాలుగు రోజులు ఖాళీగా కనిపిస్తే పాత బాకీ తీర్చే ప్రయత్నం చేయకండి, ఐదో రోజు మామూలుగా 15 పేజీలు చదవండి. బాకీ తీర్చాలన్న ఆత్రమే మీకు ఈ దిగులు తెచ్చింది.

ఆ పంక్తిలో చివరిదాన్ని, అంటే మనసులో నిలిచిన విషయాన్ని, చాలామంది రాయకుండా వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది అదే. మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో గోల్కొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు! ఆయన ఉట్టి అంకె చెప్పి ఊరుకుని ఉంటే ఎవరు నమ్మేవారు? పేర్లు, పద్యాలు పక్కన ఉన్నాయి కాబట్టే ఆ అంకె నిలిచింది. మీ 19 పక్కన ఇప్పుడు ఏమీ లేదు. ఉద్యోగ దరఖాస్తులో ‘అభిరుచి: పుస్తక పఠనం’ అని రాసి, ఈమధ్య ఏం చదివావని అడిగితే రెండు నిమిషాలు మాట్లాడలేకపోయిన పిల్లలను నేను ఎందరినో చూశాను. సివిల్స్ దరఖాస్తులోనూ అభిరుచుల గురించి రాయాలి. 275 మార్కుల ముఖాముఖిలో బోర్డు సభ్యులు వాటి మీద ప్రశ్నలు వేయవచ్చు.

నాన్నగారి మాటలో న్యాయం ఉంది. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, 600 మార్కులు, అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. దానికి సిలబస్ పుస్తకాలను పదేపదే చదవడమే దారి. అందుకు వేరే సమయం, వేరే నోటుపుస్తకం కేటాయించండి, ఈ 15 పేజీలలో వాటిని కలపకండి. గ్రూప్-1 మెయిన్స్‌లో మాత్రం 150 మార్కుల జనరల్ ఎస్సే పేపరు ఉంది. పేజీల కొద్దీ సొంతంగా ఆలోచించి రాయాలంటే పేజీల కొద్దీ చదివి ఉండాలి, ఆఖరి ఆరు నెలల్లో అది రాదు. ఈ మాట నాన్నగారికి చెప్పి, రోజుకు అరగంట మాత్రమే అడగండి. కాదంటారని నేను అనుకోను.

పుస్తకాలు కొనే స్తోమత లేదని ఆగవద్దు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా చెల్లిస్తున్నది మన ఇళ్లవారే.

మీరు తెలుగు మాధ్యమంలో చదివి ఉంటే మరో సంగతి. గ్రూప్-1లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపరు దాటకపోతే మిగతావి ఎంత బాగా రాసినా ఫలితం ఉండదు. అందుకని ఇంగ్లిష్ పేజీ ఒకటి చదివితే రెండుగా లెక్క వేసుకోండి. శ్రమ నిజంగానే రెట్టింపు కాబట్టి ఇది మోసం కాదు. ఎప్పుడో మొదలుపెట్టి కష్టమనిపించి ఆపేసిన ఇంగ్లిష్ పుస్తకం ఒకటి మీ ఇంట్లో ఉండే ఉంటుంది. ఏ పేజీ దగ్గర ఆపారో చూసి, కొత్త నోటుపుస్తకంలో మొదటి పంక్తిగా దాన్నే రాయండి.