వానలు మొదలయ్యేలోపు ఒక రాత్రి మెయిన్ ఆపి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్, కింద పోర్షన్‌లో అద్దెకు ఉంటాం. 2024లో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు ఇల్లు నడుము దాకా మునిగింది, మూడు రోజులు పైపోర్షన్ వాళ్ళింట్లో తలదాచుకున్నాం. మాకు పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప. మా అత్తయ్యగారికి షుగర్. ఇప్పటికీ గట్టి వాన పడితే పాప నిద్రపోదు. ఈ వేసవి సెలవుల్లో ఇంట్లోనే పిల్లలతో కలిసి ఏమైనా ప్రాక్టీస్ చేయొచ్చా? చేస్తే వాళ్ళని ఇంకా భయపెట్టినట్టు అవుతుందా?

జవాబు: అవ్వదమ్మా. నీళ్ళొస్తే తను చేయాల్సిన పని ఏంటో తెలిసిన పిల్ల, ఏమీ తెలియని పిల్లకన్నా తక్కువ భయపడుతుంది. అందుకే పాపని పక్కన కూర్చోబెట్టి మీరు అన్నీ సర్దడం కాదు, తనకే ఒక పని అప్పజెప్పండి.

ఆ సెప్టెంబరు 1 ఆదివారం పాయకాపురంలో మా చెల్లెలి ఇంట్లో టార్చి ఉంది, కొవ్వొత్తులున్నాయి, సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైల్‌లో ఉన్నాయి. కానీ టార్చిలో బ్యాటరీలు కారిపోయి తుప్పు పట్టాయి, ఫైలేమో మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంది, దాని తాళం మా మరిది దగ్గర ఉంది, ఆయన ఆరోజు ఊళ్ళో లేడు. ఇంట్లో అన్నీ ఉండి కూడా ఒక్కటీ చేతికి అందలేదు. పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు నీళ్ళలో నానిపోతే అది ఎంత ఏడ్చిందో నేను చూశాను. అందుకే ఎవరు అడిగినా, కొత్తవి కొనే ముందు ఉన్నవాటితో ఒకసారి ప్రాక్టీస్ చేయమంటాను.

ఒక రాత్రి భోజనాలయ్యాక మెయిన్ ఆపేయండి. మీకు ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా విడిగా ఆపాలి, ఇది చాలామందికి తెలియదు, మెయిన్ తీసేసినా ఇన్వర్టర్ నుంచి ప్లగ్గులకు కరెంటు వస్తూనే ఉంటుంది, దాని బ్యాటరీ చూస్తే మనందరి ఇళ్ళల్లో నేల మీదే ఉంటుంది. సెల్‌ఫోన్ లైట్ వాడకూడదని రూలు పెట్టుకోండి, నిజంగా వరదొస్తే ఆ ఛార్జింగ్ ఫోన్ చేయడానికి కావాలి. టార్చి పని పాపది, గ్యాస్ రెగ్యులేటర్ ఆపడం బాబు పని, కాగితాల సంచి మీది, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళడం మీవారి పని. మెట్ల మీద నడిచేది కూడా చీకట్లోనే, పైవాళ్ళకి ముందే చెప్పి వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి రండి. మొదటిరోజు ఒకరినొకరు గుద్దుకుంటారు, ఫర్వాలేదు, వారం తర్వాత మళ్ళీ చేయండి. ఒక్కటి మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి, నేల మీద అప్పటికే నీళ్ళుంటే స్విచ్చుగానీ మెయిన్‌గానీ ఎవరూ ముట్టుకోకూడదు, అన్నీ అక్కడే వదిలేసి పైకెళ్ళిపోవాలి.

మీ గోడ మీద 2024 నాటి నీటి మరక ఇంకా ఉందా? సున్నం వేయించేసినా ఎక్కడిదాకా వచ్చిందో మీకు గుర్తుంటుంది కదా, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీత కింద ఏమేం ఉన్నాయో పిల్లలతో రాయించండి. కాగితాలు, మందులు, ఇన్వర్టర్ బ్యాటరీ, బియ్యం డబ్బా, వీటిలో పైకి ఎక్కించగలిగినవి ఎక్కించండి. కాగితాలు అటక మీద జిప్ కవర్లో పెట్టి, ఫోటోలు తీసి డిజిలాకర్‌లో ఉంచుకోగలిగినవి అందులో ఉంచుకుని, మిగతావి వేరే ఊళ్ళో ఉన్న బంధువుకి వాట్సాప్ చేయండి. బాబు చేత ఇల్లంతా వీడియో తీయించండి, ఫ్రిజ్, మిషను, బండి నంబరుతో సహా. 2024 వరదప్పుడు ప్రభుత్వం కింది అంతస్తు వాళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 రూపాయలు ప్రకటించి ఇంటింటికీ లెక్కలు రాయించింది, అలాంటప్పుడు ఏం పోయిందో చూపించడానికి పనికొస్తుంది.

నీళ్ళ లెక్క పాపకి ఇవ్వండి. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, ఐదుగురికి మూడు రోజులకి 60 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. తుపాను హెచ్చరిక వినగానే అవి నింపి పైన పెట్టాలి. తిండికి అటుకులు, పుట్నాలు, బెల్లం, మరమరాలు చాలు, పొయ్యి అక్కర్లేదు. ఇద్దరికీ మీ నంబరు, మేనమామ నంబరు చూడకుండా చెప్పడం రావాలి, 112, 108, విపత్తుల కంట్రోల్ రూమ్ 1070 కూడా.

అత్తయ్యగారు ఇన్సులిన్ తీసుకుంటుంటే కరెంటు లేనప్పుడు ఫ్రిజ్ లేదని టెన్షన్ పడొద్దు. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో ఇన్సులిన్ పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచితే చల్లగా ఉంటుంది. ఐస్‌కి ఆనించకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. వాడుతున్న సీసా బయట ఎన్నాళ్ళు ఉండొచ్చో వానలకు ముందే డాక్టరుగారిని అడిగి, ఆ మాట మందుల సంచి మీద రాసి పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా పాప నిద్రపోకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి, లేదా మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి, డబ్బులేం తీసుకోరు. భయం ఇంతకాలం ఉండిపోతే అదే పోతుందిలే అని వదిలేయకూడదు.

ప్రశ్న: మాది గుంటూరు, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. వరద భయం లేదు కానీ పగలంతా అమ్మ ఒక్కతే ఉంటుంది. వంటింట్లో మంటలు లేస్తేనో, గ్యాస్ లీకైతేనో అమ్మ ఏం చేయాలి?

జవాబు: బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పోస్తే మంట ఒక్కసారి పైకి లేస్తుంది. బాణలిని కదపకుండా, చెయ్యి అందితే బర్నర్ ఆపి, మూత పక్కనుంచి జరిపి మూసేయాలి, పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. మంట మూతకి లొంగకపోతే బయటికొచ్చి తలుపు మూసి 101కి ఫోన్ చేయాలి, దిగేది మెట్ల మీదే, లిఫ్ట్‌లో కాదు. గ్యాస్ వాసనొస్తే లైటు వేయకూడదు, వేసి ఉన్న లైటు ఆపకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికి అసలు పోకూడదు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తలుపులు తీసి, బయటికెళ్ళాకే 1906కి ఫోన్ చేయాలి.

చాలామంది పెద్దవాళ్ళకి రెగ్యులేటర్ తిప్పే బలం వేళ్ళలో ఉండదు, ఈ రాత్రే అమ్మగారితో తిప్పించి చూడండి. తర్వాత పొయ్యి వెలిగించకుండా, చల్లటి బాణలి మీద మూత జరిపి మూయడం నాలుగుసార్లు చేయించండి. ఆ మూత అటక మీదో, బల్ల కిందో ఉంటే తీసి పొయ్యి పక్కనే మేకుకు తగిలించండి.