ఈసీఈ సీటు: హైదరాబాద్‌లో కొనాలా, ఖమ్మంలోనే చేరాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు నెలకు 40 వేల జీతం. మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో 32 వేల ర్యాంకు వచ్చింది. కన్వీనర్ కోటాలో ఇక్కడే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) సీటు వస్తోంది, ఫీజు ఏడాదికి 70 వేలు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ అదే బ్రాంచిని మేనేజ్‌మెంట్ కోటాలో లక్షా 60 వేలకు ఇస్తానంటోంది. టెలికాం ఉద్యోగాలకు హైదరాబాదే మేలని అందరూ అంటున్నారు. బ్యాంకు లోన్ తీసుకోమంటారా? మా బాబు పదో తరగతి. వాడికీ ఇదే లైన్ ఇష్టం.

జవాబు: వద్దండీ. కారణం ఒక్కసారి లెక్క వేసి చూడండి. హైదరాబాద్ సీటుకు నాలుగేళ్ల ఫీజు 6 లక్షల 40 వేలు. అదంతా ఏటేటా లోనుగా తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. చదివే నాలుగేళ్లూ, ఆ తర్వాత ఇచ్చే ఏడాది గడువులోనూ మీరు కట్టకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. సాధారణ వడ్డీ వేసినా, ఈఎంఐలు మొదలయ్యేనాటికి బాకీ దాదాపు 8 లక్షల 64 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 11,400 కట్టాలి. పాతిక వేల జీతంతో మొదలుపెట్టే పిల్లకు అది దాదాపు సగం జీతం. హాస్టల్ ఖర్చు ఇందులో కలపలేదు, అది మీ జీతంలోంచే పోవాలి. పీఎం విద్యాలక్ష్మి పథకంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది కానీ మేనేజ్‌మెంట్ కోటాకు అది రాదు. లోను వడ్డీకి పన్ను మినహాయింపు కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ జీతానికి అసలు పన్నే పడదు కదా!

ఖమ్మం సీటుకు నాలుగేళ్లకు 2 లక్షల 80 వేలు. మీ ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కానీ ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఒకటుంది. ఆడపిల్లలకే ఇస్తారు, ఏడాదికి 50 వేలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే చాలు. అమ్మాయి మొదటి ఏడాదిలో ఉండగానే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టించండి. మెరిట్ చూసి ఇస్తారు కాబట్టి వచ్చేసినట్టే అనుకోకండి. వస్తే మాత్రం ఫీజు కింద మీ చేతి నుంచి పోయేది ఏడాదికి 20 వేలే.

చేర్పించే ముందు రెండు విషయాలు అడగండి. ఒకటి, నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఈసీఈ బ్రాంచికి ఉందా? న్యాక్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ బ్రాంచివారీగా ఇచ్చేది. రెండోది, కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకుల (ఎన్‌ఐఆర్‌ఎఫ్) కోసం కాలేజీ ఇచ్చిన వివరాలు. ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్లలో సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతమెంత అన్నది అందులో ఉంటుంది. ఫ్లెక్సీ మీద వేసే హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది, మన అమ్మాయికి దగ్గరగా ఉండేది ఆ మధ్యలో ఉన్నవాళ్ల జీతమే.

మీ బాబు విషయంలో ఇంకా మంచి దారి ఉంది. పాలీసెట్ రాయించి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమాలో చేర్పించండి. అది మూడేళ్లు. తర్వాత డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ రాసి సీటు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్తాడు, అక్కడ మూడేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపినా అవే ఆరేళ్లు! కార్పొరేట్ ఇంటర్ ఫీజు మొత్తం మిగులుతుంది, బీటెక్ ఫీజులోనూ ఒక ఏడాది తగ్గుతుంది. ఒకవేళ మధ్యలో ఆపాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది, రైల్వే జూనియర్ ఇంజినీర్ పరీక్షకు అది సరిపోతుంది. చిక్కల్లా లెక్కలతోనే. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లు బీటెక్ మ్యాథ్స్‌లో తడబడతారు. అందుకని వాడి లెక్కల మీద ఇప్పటినుంచే కన్నేసి ఉంచండి. టెన్త్ పరీక్షలు రాస్తున్నవాళ్లు కూడా పాలీసెట్‌కు అప్లై చేయొచ్చు, నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు ఫీజు కట్టేయండి.