ముప్పై అయిదేళ్లు ఆగిన ఎడమ చేయి

"మధ్యలో వదిలేసిన స్వెట్టర్లు నాలుగు పదేళ్లుగా అటక మీద ఉన్నాయి, ఇంట్లో రెండు కుక్కలున్నాయి, వీటిని పూర్తి చేయడానికి సమయం ఎలా కుదుర్చుకోవాలి?" అని మీరు అడిగారు. సమయం మాట ముందుగా తేల్చేస్తాను. సమయం చాలక ఆగిపోయిన స్వెట్టరును నేను ఇంతవరకు చూడలేదు. ఎక్కడ ఆపామో కాగితం మీద రాసుకోకపోవడం వల్లనే స్వెట్టర్లు ఆగిపోతాయి. ఈ మాటకు నా దగ్గరున్న ఆధారం ఒక్క ట్రంకు పెట్టె మాత్రమే అయినా, బల్ల గుద్ది చెప్పగలను.

నేను 1986లో పెళ్లి చేసుకుని మావారి ఉద్యోగం కారణంగా ఢిల్లీ వెళ్లేనాటికి నాకు అల్లిక సూదులు పట్టుకోవడం కూడా రాదు. మేమున్న ప్రభుత్వ క్వార్టర్ల మధ్య పచ్చికలో, డిసెంబరు ఎండ కోసం, ఆడవాళ్లందరూ పదకొండు గంటలకల్లా మంచాలు వేసుకుని చేరేవారు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, కోడళ్ల గురించీ గ్యాసు సిలిండర్ల గురించీ మాట్లాడుకుంటూ, చేతుల వంక ఒక్కసారైనా చూడకుండా స్వెట్టర్లు అల్లేవారు. పక్క క్వార్టరులో ఉన్న పంజాబీ పెద్దావిడను అందరూ బీజీ అని పిలిచేవారు. ఆవిడే నాకు సీధా, ఉల్టా అనే రెండు మూల కుట్లు నేర్పారు. అందువల్ల అల్లికకు సంబంధించినంత వరకు నా భాష ఇప్పటికీ హిందీయే. వరస మధ్యలో ఎవరైనా వచ్చి ఎన్ని కుట్లయ్యాయని అడిగితే ముప్పై రెండు అనబోయి "బత్తీస్" అంటాను.

1987 డిసెంబరులో మావారి కోసం నేవీ బ్లూ ఊలు కొన్నాను. అప్పుడు ఊలు చిలపలుగా, అంటే వదులుగా చుట్టిన పెద్ద చుట్టలుగా, దొరికేది. మావారు రెండు చేతులూ చాచి చిలప పట్టుకుని కూర్చుంటే నేను ఎదురుగా కూర్చుని ఉండ చుట్టేదాన్ని, పెళ్లయిన కొత్తలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తీరికగా మాట్లాడుకున్నది బహుశా ఆ సాయంత్రాలలోనే. ఫిబ్రవరి నెలాఖరుకు వెనక భాగం, ముందు భాగం, కుడి చేయి పూర్తయ్యాయి. ఎడమ చేయి మణికట్టు దగ్గరి కఫ్ దాటి 42 వరసలు వచ్చేసరికి హోలీ వచ్చింది, ఎండ ముదిరింది, మంచాలు లోపలికి వెళ్లిపోయాయి. వచ్చే చలికాలంలో చూడవచ్చుననుకున్నాను. 1991లో సికింద్రాబాదుకు బదిలీ అయి వచ్చేటప్పుడు స్వెట్టరు ట్రంకు పెట్టెలోకి వెళ్లింది, లెక్క రాసుకున్న కాగితం మాత్రం ఆ సర్దుడులో ఎక్కడో పోయింది. మన దేశంలో ఆగిపోయిన స్వెట్టర్లలో సగం రెండో చేయి దగ్గరే ఆగి ఉంటాయని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మొదటి చేయి అల్లేటప్పుడు కొత్తదనం ఉంటుంది, రెండో చేయి కేవలం బాకీ తీర్చడం.

2022 నవంబరులో ఆ పెట్టె తెరిచాను. ఏడు అసంపూర్తి పనులు బయటపడ్డాయి. వాటిలో నాలుగింటిని ఆ వారంలోనే విప్పేశాను. మీరు కూడా ఈ పని భయపడకుండా చేయండి, విప్పిన ఊలును మళ్లీ చిలపలుగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి నీడన ఆరబెడితే వంకరలు చాలా మటుకు పోతాయి. మా అబ్బాయి పుట్టినప్పుడు మొదలుపెట్టిన నిమ్మపండు రంగు చిట్టి స్వెట్టరుకు గుండీలు మాత్రమే తక్కువ. ఇరవై నిమిషాలలో కుట్టి మా పనిమనిషి మనవడికి ఇచ్చాను. గుండీలు కుట్టడానికి ముప్పై నాలుగేళ్లు ఆగానంటే ఎవరైనా సమయం లేకనే అంటారా? ఎర్ర మఫ్లరును రెండు అంచులూ ముగించి మా మరిదికి పంపాను. ఇక మిగిలింది నేవీ బ్లూ స్వెట్టరు.

కాగితం లేకపోయినా పూర్తయిన కుడి చేయి ఉంది కదా, అదే కాగితం. దానిని భోజనాల బల్ల మీద పరిచి, కుట్లు పెంచిన ప్రతి చోటా ఒక పిన్నీసు పెట్టాను. పెంచిన చోట కుట్టు పక్కన చిన్న అడ్డగీత లాంటిది కనబడుతుంది. కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో చూస్తే దొరకకుండా ఉండదు. పిన్నీసుకూ పిన్నీసుకూ మధ్య ఆరేసి వరసలు వచ్చాయి. కఫ్ దగ్గర 48 కుట్లు, ఆరు వరసలకు ఒకసారి రెండు వైపులా ఒక్కొక్కటి చొప్పున పెంచుకుంటూ పోవాలి, నా సూది మీద 62 కుట్లున్నాయంటే ఏడుసార్లు పెంచానన్నమాట. ముప్పై అయిదేళ్లు నన్ను బెదిరించిన లెక్క పావుగంటలో తేలిపోయింది.

అసలు చిక్కు చేతుల్లో వచ్చింది. ఇరవై మూడేళ్ల వయసులో నా చేతి బిగువు వేరు, వేళ్ల కీళ్లు నొప్పులు పెట్టే ఈ వయసులో బిగువు వేరు. అదే పదో నంబరు సూదులతో నాలుగు వరసలు అల్లి చూస్తే, పాతవి అంగుళానికి ఆరు కుట్లుంటే కొత్తవి అయిదుంపావు వచ్చాయి. పదకొండో నంబరుకు మారాను. మన దగ్గర పాత సూదులకు నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. పదో నంబరు 3.25 మిల్లీమీటర్లు, పదకొండు 3 మిల్లీమీటర్లు, పన్నెండు 2.75. ఇప్పుడు ఇంటర్నెట్లో దొరికే నమూనాలు చాలా మటుకు మిల్లీమీటర్లలో ఉంటాయి, మన అమ్మల, అత్తల సూదుల మీద నంబర్లే ఉంటాయి, ఈ రెండింటినీ కలిపి చెప్పే ఓపిక దుకాణం వాళ్లకు లేదు. వాళ్లననడం కూడా అన్యాయమే. చలికాలం రాగానే ఫుట్‌పాత్ మీద టిబెటన్ల దుకాణాలలో స్వెట్టరు చవకగా దొరుకుతున్నప్పుడు సూదుల కోసం వచ్చేవారెవరు? "హైదరాబాదులో స్వెట్టరెందుకండీ" అని మా వీధిలో నన్ను అడగనివారు లేరు. జనవరి తెల్లవారుజామున కుక్కలను బయటికి తీసుకువెళ్లవలసినవారు ఆ ప్రశ్న అడగరు.

కుక్కల దగ్గరికే వస్తున్నాను. మాకు రెండున్నాయి. పండు అనే లాబ్రడార్‌కు పదకొండేళ్లు, దానికి తిండి తప్ప మరే వస్తువు మీదా ఆసక్తి లేదు. గంగి వీధి కుక్క. వానలో మా గేటు కింద దూరి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. ఊలు వాసన అంటే దానికి ప్రాణం. నా దృష్టిలో అది గొర్రె వాసనా నా చేతి వాసనా కలిసి వచ్చే పిచ్చి.

2023 సంక్రాంతి ముందు రోజుల్లో ఒక సాయంత్రం నేను దివాన్ మీద కూర్చుని అల్లుతున్నాను. అప్పటికి సూది మీద 70 కుట్లున్నాయి. రెండు నెలలలో అల్లింది 24 వరసలే, ఆ వేగం చూసి నవ్వకండి. వంటింట్లో మా తోడికోడలు అరిసెల పాకం చూస్తోంది. "అక్కా, పాకం!" అని ఒక్క కేక వేసింది. అరిసెల పాకం గురించి తెలిసినవారికి ఆ కేకకు అర్థం తెలుసు; పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి చూసి, ఉండ కట్టిందనుకున్న క్షణంలో పిండి పోయకపోతే అరిసెలు రాళ్లవుతాయి. నేను వరస మధ్యలోనే సూదులు దిండు మీద పడేసి పరుగెత్తాను. పిండి కలిపి చేతికి బెల్లం అంటుకుని ఉండగానే తిరిగి వచ్చి చూస్తే, గంగి భోజనాల బల్ల కింద పడుకుని, ముందు కాళ్ల మధ్య అల్యూమినియం సూది పట్టుకుని, దాని తలను చెరుకు నమిలినట్లు నములుతోంది. ఎడమ చేయి నేల మీద ఉంది. సూది లేని కుట్లు ఒక్కొక్కటే కిందికి జారిపోతున్నాయి.

కుట్లు జారితే భయం లేదు, క్రోషియా సూదితో ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కించవచ్చు. నన్ను భయపెట్టింది ఊలు. ఉండ నుంచి వచ్చే పోగు ఒక చోట, విప్పుకున్న పోగు మరొక చోట తెగి ఉన్నాయి, రెండు కొసలూ కలవడం లేదు. మధ్యలో కొంత ఊలు లేదు. అది ఎంత? పిడికెడంతే అయితే పోనీ అనుకోవచ్చు, బారెడైతే కుక్క ప్రాణానికే ముప్పు.

ఇక్కడ బీజీ ఎప్పుడో మాటల మధ్య చెప్పిన విషయం పనికి వచ్చింది. విప్పిన ఊలులో ప్రతి కుట్టుకూ ఒక వంపు మిగిలి ఉంటుంది, సేమియా ముక్కలాగా. నాలుగు వరసలు పూర్తిగా ఊడిపోయాయి, అంటే 280 కుట్లు, అంటే 280 వంపులు దొరకాలి. మావారు టార్చి లైటు పట్టుకుని నిలబడితే, నేను నేల మీద కూర్చుని, బెల్లం చేతులతో, దొరికిన పోగులలోని వంపులు లెక్కపెట్టాను. అరిసెలు వత్తడం మాని ఊలు లెక్కపెట్టడమేమిటని మా తోడికోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. 190 వచ్చాయి. రెండోసారి లెక్కపెట్టినా 190 వచ్చాయి. మిగతా 90 కుట్లు గంగి కడుపులో ఉన్నాయి. నా బిగువుకు ఒక్కో కుట్టు సుమారు అరంగుళం ఊలు తింటుంది కాబట్టి, 45 అంగుళాలు, రెండున్నర మూరలు.

వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో కుక్క ఏదో మింగిందని చెప్పినవారు చాలామంది ఉన్నారు గానీ, అంగుళాలతో సహా చెప్పినవారు మీరేనని ఆయన అన్నారు. ఆయన చెప్పినవి మీకు అవసరం కాబట్టి ఉన్నవి ఉన్నట్లు రాస్తాను. ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు, ఆ ఉప్పే విషం కావచ్చు. పోగు ఒక కొస ఎక్కడైనా చిక్కుకుంటే, పేగు దాని వెంట లంగా బొందు మీద గుడ్డలాగా కుచ్చుళ్లు పడి చివరికి కోసుకుపోతుంది. అందువల్ల వాంతులైనా, తిండి మానేసినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా తీసుకురావాలి. వెనక నుంచి కొస కనబడితే ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. ఎక్స్‌రేలో ఊలు నేరుగా కనబడదు, కాబట్టి మర్నాడు పొద్దున స్కానింగ్ చేసి, ఇంతవరకు అడ్డు లేదు, కనిపెట్టి ఉండండి అన్నారు.

రెండు రోజులు మావారు టార్చి వేసుకుని పెరట్లో దాని వెనకే తిరిగారు. పెళ్లయిన కొత్తలో ఈ ఊలు చిలపను చేతులు చాచి పట్టుకున్న మనిషి ఇలా దాని కోసం వెతుకుతారని మేమెవరమూ అనుకోలేదు. మూడో రోజు పొద్దున జామచెట్టు కింద నుంచి "వచ్చేసిందోయ్!" అని, మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫలితాల రోజున కూడా వేయనంత పెద్ద కేక వేశారు. రంగు ఏమాత్రం వెలిసిపోలేదు, ఆ నాటి అద్దకం అటువంటిది.

ఆ తరువాత ఇంట్లో కొన్ని పద్ధతులు మారాయి. ఉండను మా అత్తగారి కాలం నాటి ముక్కున్న ఇత్తడి మరచెంబులో వేసి, మూత బిగించి, ముక్కులోంచి పోగు బయటికి తీస్తాను. వరస మధ్యలో లేవను, పాకం మాడినా సరే. లేచే ముందు వరస నంబరు కాగితం మీద రాసి, అల్లికతో సహా బీరువాలో పెట్టి గొళ్లెం వేస్తాను. కుక్కల కడుపు నిండి నిద్రపోయే సాయంత్రం అరగంటలోనే అల్లుతాను, మీరు అడిగిన సమయం అదే. ట్రంకు పెట్టెలోని కలరా ఉండలను కూడా పారేశాను, అవి కుక్కలకు విషం. వాటి బదులు ఏడాదికి రెండుసార్లు ఊలును ఎండలో వేసి దులపడమే మంచిది.

ఇంత శ్రమ ఎందుకు, క్రోషియాకు మారిపొమ్మని చాలామంది సలహా ఇచ్చారు. మా అమ్మది పశ్చిమ గోదావరిలో నరసాపురం దగ్గర పల్లె, క్రోషియా గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడి లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. క్రోషియాలో ఎప్పుడైనా తెరచి ఉండే ఉచ్చు ఒక్కటే, దానికి పిన్నీసు తగిలించి పదేళ్ల తరువాత వచ్చినా పని అలాగే ఉంటుంది, కుక్కలున్న ఇంటికి నిజంగానే అది మేలు. కానీ నేవీ బ్లూ ఊలుతో నేను బాకీ పడ్డది స్వెట్టరు, టేబుల్ క్లాత్ కాదు.

ఎడమ చేయి 2023 దసరాకు పూర్తయింది. కుట్టి చూసే ముందు మావారి ఛాతీ కొలిచాను. 1987లో 36 అంగుళాలు, ఇప్పుడు 42. మీ పాత స్వెట్టర్లు ఎవరి కోసం మొదలుపెట్టారో వాళ్లను ముందుగా కొలవండి, నాలాగా చివర కొలవకండి. అదే రంగు ఊలు దొరికే మాట లేదు కాబట్టి, దగ్గరి రంగు తెచ్చి వెలితి కనబడేలా చేయడం కన్నా పూర్తిగా వేరే రంగు మేలనుకుని బూడిద రంగు తెచ్చాను. రెండు పక్కలా మూడేసి అంగుళాల పట్టీలు, 18 కుట్ల వెడల్పున, అంచు నుంచి చంక కింద దాకా వచ్చి చేతిలోకి సన్నబడుతూ వెళ్లేలా అల్లాను. పద్దెనిమిది కుట్ల వరస ఒక నిమిషంలో అయిపోతుంది, ఒళ్లో ఒక గుప్పెడంత ఉంటుంది, గంగి లేచి ఒళ్లు విరుచుకునే లోపల ముగించి బీరువాలో పెట్టవచ్చు. 2024 జనవరి నుంచి మావారు పొద్దున్నే కుక్కలను తిప్పేటప్పుడు అదే వేసుకుంటున్నారు. ఎడమ మోచేతి దగ్గర లోపలి వైపు రెండు ముడులున్నాయి, బయటికి కనబడవు.

మీ కుక్కల వయసు మీరు రాయలేదు. రెండింటిలో ఏ ఒక్కటి ఏడాది లోపు పిల్ల అయినా, సూదులు మరో చలికాలం అటక మీదే ఉంచి, పూర్తయిన భాగాలలో పిన్నీసులు పెట్టి లెక్క మాత్రం ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి.