ఉస్మానియా పూర్వ విద్యార్థుల మీద రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. పూర్వ విద్యార్థుల సమావేశానికి తెచ్చే ప్రత్యేక సంచికలో వేస్తారనీ, ఎడిటరుకు ఇచ్చేముందు ఒకసారి చూసిపెట్టమనీ అడిగావు. చూశాను. ఒక ప్రధానమంత్రి, ఒక ముఖ్యమంత్రి, ఒక వ్యోమగామి, ఇద్దరు క్రికెట్ వాళ్ళు, ఇద్దరు సీఈఓలు, కొందరు కవులు. పేరు, పదవి, అవార్డు. మళ్ళీ పేరు, పదవి, అవార్డు. శుభలేఖ చివర బంధుమిత్రుల పేర్లు చదువుతున్నట్టే ఉంది.

బాధపడతావని తెలిసే రాస్తున్నాను. నీకు వాక్యం వచ్చు, అది అందరికీ వచ్చేది కాదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ఒక పని చెయ్యి. నీ వ్యాసంలో ఉస్మానియా అన్న చోటల్లా ఆంధ్రా యూనివర్సిటీ అని మార్చి, పేర్లు కూడా అక్కడివి పెట్టి చదువు. మిగతా వాక్యాల్లో ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదు. వచ్చిన తంటా అదే. ఒక మనిషి రెండేళ్ళో నాలుగేళ్ళో ఒక చోట ఉన్నాడంటే ఆ చోటు అతనికి ఏదో ఇచ్చి ఉండాలి, లేదా ఏదో కాదని ఉండాలి. బయటికి గెంటేసి కూడా ఉండొచ్చు. ఏమీ జరగకపోయి ఉంటే అతను ఎంత గొప్పవాడైనా ఈ వ్యాసంలో అతనికి చోటు లేదు. ఆయన గొప్పతనం గురించి వేరే వాళ్ళు రాస్తారు. నువ్వు రాయాల్సింది ఆయనకూ ఉస్మానియాకూ మధ్య నడిచిన సంగతి.

ముందు తప్పులు చెప్పేస్తాను, ఆ టెన్షన్ వదిలిపోతుంది.

సత్య నాదెళ్ల పేరు తీసెయ్యి. హైదరాబాద్ వాడే, బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడు. ఇంజినీరింగ్ మాత్రం మణిపాల్. నువ్వు వెతుకుతున్నది శంతను నారాయణ్ అయి ఉంటాడు. స్కూలు అదే, కానీ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ఉస్మానియాలోనే చేసి అమెరికా వెళ్ళాడు, 2007లో అడోబీ సీఈఓ అయ్యాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశావు.

కవి రాయప్రోలు సుబ్బారావు గారు ఉస్మానియా విద్యార్థి కాదు. అక్కడ తెలుగు ఆచార్యుడు. పాఠం చెప్పినవాళ్ళనీ పాఠం విన్నవాళ్ళనీ కలిపేయడం ఇలాంటి పట్టికల్లో మామూలైపోయింది, అయినా నీ దాంట్లో ఉండకూడదు.

రాజారావు గారి సంగతి ఇంకాస్త చిక్కు. ఇంగ్లిష్ నవలాకారుడు, నిజాం కాలేజీలో చదివాడు, తండ్రి కూడా అక్కడే పనిచేశాడు, అంతవరకూ నిజం. కానీ 1887లో పెట్టిన నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అంటే 1929లో ఆయనకు పట్టా ఇచ్చింది మద్రాసు వాళ్ళు. హైదరాబాద్ నడిబొడ్డున కూర్చుని, పక్కనే ఉస్మానియా ఉండగా, మద్రాసు పరీక్ష రాశాడన్నమాట. ఇప్పుడు ఆ కాలేజీ ఉస్మానియాది కాబట్టి ఆయన్నీ కలుపుకుంటున్నారు. కలుపుకో, ఎవరూ కేసు వెయ్యరు. కానీ ఆ ఒక్క సంగతి రెండు వాక్యాల్లో చెబితే పాఠకుడికి ఆ కాలపు హైదరాబాద్ అర్థమవుతుంది. ఒకే ఊళ్ళో ఒకవైపు ఇంగ్లిష్ చదువు మద్రాసు పేరు మీద, ఇంకోవైపు ఉర్దూ చదువు నిజాం పేరు మీద.

వ్యోమగామి రాకేశ్ శర్మ "నిజాం కాలేజీ పట్టభద్రుడు" అని రాశావు. చాలా చోట్ల అలాగే ఉంటుంది, నిన్ను అని ఏం లాభం. కానీ లెక్క వేశావా? 1949 జనవరిలో పుట్టిన మనిషి 1966 జులైలో సైనికాధికారుల్ని తయారుచేసే ఎన్‌డీఏలో చేరాడు. పదిహేడేళ్ళు. డిగ్రీ పట్టా ఎప్పుడు చేతికొచ్చింది? కాలేజీ రిజిస్టరు చూసేదాకా "నిజాం కాలేజీలో చదివాడు" అని ఆపు. పుట్టిన సంవత్సరం, చేరిన సంవత్సరం, బయటికొచ్చిన సంవత్సరం, ఈ మూడూ పక్కపక్కన వేసుకుంటే సగం అబద్ధాలు వాటంతటవే రాలిపోతాయి.

ఇదే లెక్క ఉర్దూ కవి మఖ్దూం దగ్గర కూడా తప్పింది. "ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని మఖ్దూం కవిత్వం రాసుకునే రోజులు" అన్నావు. వాక్యం బాగుంది, అందుకే కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. కానీ మఖ్దూం మొహియుద్దీన్ ఎంఏ పూర్తయింది 1936లో. ఆ గులాబి రాతి భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరులో. ఆయన చదివేనాటికి ఆ మెట్లు కట్టడంలోనే ఉన్నాయి. 1918లో యూనివర్సిటీ పెట్టాక చాలా ఏళ్ళు తరగతులు ఊళ్ళో అద్దె ఇళ్ళలో నడిచాయి. నిజమైన బొమ్మ నీ ఊహ కన్నా బాగుంటుంది, చూడు: మెదక్ జిల్లా అందోలు నుంచి వచ్చిన పేద కుర్రాడు, అద్దె గదుల్లో నడిచే విశ్వవిద్యాలయం, నిజాం డబ్బుతో నేర్చుకున్న ఉర్దూ. తర్వాత సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలి, అదే ఉర్దూలో నిజాం మీద తిరగబడ్డాడు. కమ్యూనిస్టు అయ్యాడు, రైతుల పోరాటంలోకి వెళ్ళాడు. యూనివర్సిటీ పెట్టినవాడు ఊహించని ఫలితం ఇది. నీ వ్యాసంలో మఖ్దూంకి రెండు పంక్తులు, సీఈఓలకి పేరా. తిరగెయ్యి.

ఇక అసలు విషయం, ఉర్దూ. నీ వ్యాసం మొత్తంలో ఆ మాట ఒక్కసారే వచ్చింది, అదీ "ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైన" అని విశేషణంగా. ఉస్మానియాని మిగతా యూనివర్సిటీల నుంచి వేరు చేసేది అదే కదయ్యా! దేశమంతా ఇంగ్లిష్‌లో డిగ్రీలిస్తుంటే, ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజినీరింగ్ దాకా చెప్పడానికి పూనుకున్న తొలి విశ్వవిద్యాలయం. అందుకోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెప్పించారు. సాహసమే. అయితే రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆ తర్వాత మరాఠీ, కన్నడ. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఉర్దూ కూడా ఇంగ్లిష్ లాగే నేర్చుకోవాల్సిన భాషే. ఈ రెండు ముఖాలూ చూపించు. ఒకటి చూపించి ఇంకోటి దాచావనుకో, నువ్వు ఏదో ఒక పార్టీ కరపత్రం రాసినట్టవుతుంది.

ఇక్కడికి సినారె గారిని తీసుకురా. నువ్వు ఆయన గురించి 1988 జ్ఞానపీఠం, పద్మ పురస్కారాలు, సినిమా పాటలు అన్నీ రాశావు. హనుమాజీపేటలో పుట్టిన ఈ తెలుగు కవి బీఏ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలో అన్నది మాత్రం రాయలేదు. అలా ఉర్దూలో చదివి, తర్వాత అక్కడే తెలుగు ఎంఏ చేసి, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాల మీద, ప్రయోగాల మీద సిద్ధాంతగ్రంథం రాసి డాక్టరేట్ తెచ్చుకుని, అక్కడే తెలుగు ఆచార్యుడయ్యాడు. తెలుగులో గజల్ రాసి, తనే పాడి, సభల్లో చప్పట్లు కొట్టించుకున్న మనిషికి ఆ నడక ఎక్కడిది? ఉర్దూ చదువు ఆయన మీద రుద్దారనుకుంటే రుద్దారు, కానీ ఆయన దాన్ని ఊరికే పోనివ్వలేదు. దాశరథి గారి దగ్గరా ఇదే చూస్తావు. నిజాంను తిట్టి జైలుకెళ్ళినవాడే గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. రాజు మీద కోపాన్ని భాష మీద చూపించలేదు. నన్నడిగితే ఈ రెండు పేరాలే నీ వ్యాసానికి వెన్నెముక.

1938 సంగతి కూడా నువ్వు దాటేశావు. సంచిక వేసేది పూర్వ విద్యార్థులు కాబట్టి ఇబ్బందని అనుకున్నావేమో. హాస్టల్లో ప్రార్థన సమయంలో విద్యార్థులు వందేమాతరం పాడితే అధికారులు వద్దన్నారు. వాళ్ళు మానలేదు. సమ్మె జరిగింది, వందలాది మందిని బయటికి పంపారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళని చేర్చుకుంది. పీవీ నరసింహారావు గారు ఆ ఉద్యమంలో ఉన్నవారే, లా పట్టా కూడా నాగపూర్‌దే. నువ్వేమో ఆయన్ని మొదటి పేరుగా పెట్టి "ఉస్మానియా మనకిచ్చిన ప్రధానమంత్రి" అన్నావు. ఇచ్చిందా, తోలేసిందా? ఆ వాక్యం అలాగే అచ్చయితే తెలిసినవాళ్ళు నవ్వుతారు. అసలు జరిగింది రాస్తే అది వ్యాసంలో అన్నిటికన్నా బలమైన చోటు అవుతుంది. వెళ్ళగొట్టబడ్డవాళ్ళు కూడా పూర్వ విద్యార్థులే.

విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి పేరు లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, ఆ పేరు పెడితే ఒక వర్గానికి కోపం, ఎలా పెట్టినా ఇంకో వర్గానికి కోపం. ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్, 1972 ఏప్రిల్ 14న ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో హత్య. వయసు ఇరవై అయిదు. అతనికి పదవి లేదు, అవార్డు లేదు, కాబట్టి నీ పద్ధతిలో అతన్ని ఎక్కడా పెట్టలేవు. పద్ధతి మార్చుకోమనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పొగడకు, తిట్టకు. తేదీ, చోటు, అతను ఏం చదువుతున్నాడు, అతని తర్వాత క్యాంపస్‌లో విద్యార్థి సంఘాలు ఎలా తయారయ్యాయి, అంతే రాయి. అతని మీద వచ్చిన సినిమా చూసి రాయకు.

క్రికెట్ వాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. అజారుద్దీన్ నిజాం కాలేజీ అని అందరికీ తెలుసు. హర్ష భోగ్లే మాత్రం సరదా అయిన కేసు, కెమికల్ ఇంజినీరింగ్ చదివి, యూనివర్సిటీ జట్టుకు విశ్వవిద్యాలయాల మధ్య జరిగే రోహింటన్ బారియా టోర్నమెంట్ ఆడి, చివరికి క్రికెట్ వ్యాఖ్యాతగా మాట అమ్ముకుని బతికాడు. ఇంజినీరింగ్ అతనికి పనికొచ్చిందో లేదో గానీ ఆ జట్టు పనికొచ్చి ఉంటుంది. శ్యామ్ బెనెగల్ కూడా అంతే. నిజాం కాలేజీలో ఎకనామిక్స్ ఎంఏ చేసి, ఇక్కడే ఫిల్మ్ సొసైటీ పెట్టి, తొలి సినిమాలకు తెలంగాణ పల్లెల్ని, దొరల్ని కథగా తీసుకున్నాడు. డిగ్రీ సబ్జెక్టు దగ్గర ఆగిపోతే ఇవేవీ దొరకవు. క్లాసు బయట ఏం చేశారో అడుగు.

ఇంకొకటి, కాస్త గట్టిగానే అంటాను. నీ జాబితాలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో నడిచిన కోఠి మహిళా కళాశాల, 2022లో విడిగా మహిళా విశ్వవిద్యాలయం అయ్యేదాకా, ఉస్మానియాది కాదా? పి. యశోదారెడ్డి గారు ఉస్మానియాలో హరివంశాల మీద పరిశోధన చేసి, ఆ కోఠి కాలేజీలోనే తెలుగు చెప్పి, పాలమూరు ఇళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడే మాటని ఉన్నదున్నట్టు కథల్లో పెట్టారు. క్లాసులో హరివంశం, కథలో పాలమూరు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో రాయడానికే నీకు పేజీ చాలదు. అబ్బూరి ఛాయాదేవి గారు నిజాం కాలేజీలో రాజకీయ శాస్త్రం ఎంఏ. వీళ్ళు తెలియకపోవడం నీ తప్పు కాదు, నువ్వు చూసిన పట్టికలది. కానీ ఇప్పుడు తెలిసింది కదా.

ఇక సమాచారం. నెట్లో ఒకరిది ఇంకొకరు ఎత్తి రాసుకున్నవే ఎక్కువ. ఆత్మకథలు చదువు, వాటిలో హాస్టల్ మెస్సు, ఫీజు కట్టలేని రోజులు, మాస్టారి గొంతు ఉంటాయి. పాత స్వర్ణోత్సవ సంచికలు, స్నాతకోత్సవాల పట్టికలు లైబ్రరీలో అడుగు. ఇవ్వం అంటారు, రెండోసారి వెళ్ళు. పెద్దవాళ్ళను కలిస్తే "అప్పటి రోజులు ఎలా ఉండేవి" అని అడగకు, "స్వర్ణయుగం" అని చెప్పి పంపిస్తారు. ఏ రూంలో ఉండేవారు, పుస్తకాలు ఎవరివి, తెలుగు క్లాసులో ఎంతమంది, ఇలాంటివి అడుగు. వాళ్ళు చెప్పిన సంవత్సరాన్ని మాత్రం కాగితంతో సరిచూసుకో. జ్ఞాపకంలో మనుషులు ఉంటారు, తేదీలు ఉండవు.

భాష గురించి కొంచెం. "ఆణిముత్యాలు", "చదువుల తల్లి ఒడి", "ఖండాంతర ఖ్యాతి" మూడూ తీసెయ్. ఒకే పేరాలో ఒకర్ని "ఆయన" అని, ఇంకొకర్ని "అతను" అని రాశావు. పెద్దాయన కాబట్టి ఆయన, కుర్రాడు కాబట్టి అతను అంటే సరే, నువ్వు మాత్రం మంత్రి కాబట్టి ఆయన, కవి కాబట్టి అతను అన్నావు. చూసుకో. జైపాల్ రెడ్డి గారి ఇంగ్లిష్ గురించి రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు.

మొత్తం మీద పేర్లు సగానికి సగం తగ్గించు. సినారె, మఖ్దూం, యశోదారెడ్డి, 1938 వాళ్ళు, జార్జి రెడ్డి, వీళ్ళకి స్థలం ఇచ్చి మిగతావాళ్ళని రెండు మూడు వాక్యాల్లో దాటెయ్. ఎడిటరు సీఈఓ ఫోటో కావాలని పట్టుబడితే ఫోటో వేసుకోమను, పేరా మాత్రం పెంచకు. యశోదారెడ్డి గారి కథల పుస్తకం నా దగ్గర ఉంది. ఆదివారం పొద్దున వచ్చి తీసుకెళ్ళు, అట్ట మీద పేరు రాసి పెట్టాను, తిరిగి ఇవ్వాలి.

ఆశీస్సులతో,
నీ అన్న