తొట్టిలో మూతి పెట్టని గేదెలు: పైపులో కరెంటు చూడండి

సందేహం: మాకు ఆరు ముర్రా గేదెలు ఉన్నాయి. కొన్ని వారాలుగా సిమెంటు తొట్టిలో నీళ్లు సరిగా తాగడం లేదు, పాలు తగ్గాయి. పశువుల డాక్టరు గారు జబ్బేమీ లేదన్నారు. ఇంటి ఎర్త్ వైరు తొట్టికి వచ్చే ఇనుప పైపుకే కట్టి ఉంది. టెస్టర్ పెడితే వెలగడం లేదు. కారణం ఇదేనా?
– ఒక పాడి రైతు, పల్నాడు జిల్లా

సలహా: అయ్యే అవకాశం బాగా ఉంది. ఇంట్లో ఎక్కడ కరెంటు లీకైనా ఆ ఎర్త్ వైరు ద్వారా పైపులోకి, తొట్టి నీళ్లలోకి వస్తుంది. టెస్టర్‌ను మాత్రం నమ్మకండి, పది ఇరవై వోల్టులకు అది వెలగదు. గేదెకు రెండు మూడు వోల్టులే ఎక్కువ. తడి గచ్చు మీద నాలుగు గిట్టలు, నీళ్లలో మూతి ఉంటాయి కదా! చెప్పులు వేసుకుని పైపు పట్టుకుంటే మీకేమీ తెలియదు. కానీ మూతికి జివ్వుమన్న పశువు గుక్కలు వేయకుండా నాలుకతో నాలుగుసార్లు నాకి తల ఎత్తేస్తుంది. పాలలో 80 శాతానికి పైగా నీరే కాబట్టి దిగుబడి పడిపోతుంది.

ఈ రోజే ప్లాస్టిక్ టబ్బులో, పైపుకు దూరంగా, నీళ్లు పెట్టి చూడండి. ఆత్రంగా తాగితే అనుమానం బలపడినట్లే. తర్వాత ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటరు (తక్కువ వోల్టులను కూడా కొలిచే మీటరు) పెట్టించండి. ఒక కొన పైపుకు, రెండోది గిట్టలు ఆనే చోట తడి గచ్చు మీద ఉంచిన ఇనుప రేకుకు తగలాలి. మోటారు, చాఫ్ కట్టర్ ఒక్కొక్కటే ఆపుతూ చూడాలి. ఏది ఆపితే వోల్టేజీ పోతుందో దాని వైండింగులోనో, వైరులోనో లీకేజీ ఉన్నట్టు.

దయచేసి తొందరపడి పైపుకున్న ఎర్త్ వైరును కోసేయకండి. ప్రస్తుతం మీ ఇంటికి ఉన్న రక్షణ అదొక్కటే. కరెంటు తొట్టికి రాకుండా పైపు మధ్యలో ప్లాస్టిక్ ముక్క వేయడం కూడా అప్పుడే వద్దు. మొదట విడిగా ఎర్త్ గుంత తీయించి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి, వైర్లన్నీ దానికి మార్చాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి. మనుషుల ప్రాణాలకూ అది కావాలి. పాకలోని పైపు, ఇనుప కట్టుగుంజలు, గచ్చులోని ఇనుప మెష్ ఉంటే అదీ కలిపి అదే ఎర్త్‌కు బిగిస్తే మూతికీ గిట్టకూ మధ్య తేడా ఉండదు. ఇదంతా అయ్యాకే తొట్టికి ముందు ప్లాస్టిక్ ముక్క వేయవచ్చు.

న్యూట్రల్ పోయినప్పుడు బోరు పైపుకు వైరు తగిలించి దీపాలు వెలిగించే అలవాటు ఎవరికైనా ఉంటే వెంటనే మాన్పించండి. అది మనుషులనే చంపుతుంది.

మెయిన్ ఆపినా మల్టీమీటరు వోల్టేజీ చూపిస్తే లోపం మీ ఇంట్లోది కాకపోవచ్చు. బయటి న్యూట్రల్ నుంచి గానీ, పొరుగు మోటారు నుంచి గానీ వస్తుండవచ్చు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ తనిఖీ చేయమని అడగండి. అప్పటివరకు టబ్బులోనే తాగించండి.