కివు సరస్సు వ్యాసం పంపిన మిత్రునికి

నమస్కారం.

మీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర చిరాకు కలిగింది: "సరస్సు అడుగున గడ్డకట్టించే చలిలో మృత్యువు నిద్రిస్తోంది." మృత్యువు సంగతి అలా ఉంచండి, అక్కడ చలి ఎక్కడిది? రువాండా, కాంగోల సరిహద్దున 480 మీటర్ల లోతున్న ఆ సరస్సులో అడుగు నీరు, 80 మీటర్ల దగ్గరి నీటికంటే సుమారు మూడు డిగ్రీలు వెచ్చన. వెచ్చని నీరు తేలిక కనుక పైకి రావాలి, కానీ రావడం లేదు. ఎందుకు రావడం లేదన్నదే ఈ విషయానికంతటికీ ప్రాణం, దానినే మీరు వదిలేశారు.

ఆ అగ్నిపర్వత ప్రాంతంలో నేల అడుగునుంచి ఊరే జలలు లవణాలనూ, కార్బన్ డయాక్సైడ్‌నూ లోతు నీటిలోకి చేరుస్తాయి. వెచ్చదనం తెచ్చే తేలికకంటే అవి తెచ్చే బరువు ఎక్కువ కావడంతో కింది నీరు కిందనే ఉండిపోతుంది, పై గాలి దానికి సోకదు. గాలి సోకని ఆ చోట సూక్ష్మజీవులు కొంత కుళ్ళిన పదార్థం నుంచి, అంతకుమించి ఆ కార్బన్ డయాక్సైడ్ నుంచే మీథేన్ తయారుచేస్తాయి. అలా పోగైనది సుమారు 60 ఘన కిలోమీటర్లు.

మీరు దీనిని గోలీసోడాతో పోల్చారు. గోలీని నొక్కగానే సీసాలో ఒత్తిడి పోతుంది. కివులో ఒత్తిడి అంటే మీద నిలిచిన నీటి బరువే, దానిని నొక్కి తీసే వేలు లేదు, వాయువు పెల్లుబకాలంటే లోతు నీరే పైకి లేవాలి. 2002లో న్యిరగోంగో అగ్నిపర్వతపు లావా గోమా పట్టణం మీదుగా సరస్సులోకి దిగినా అలా జరగలేదు. 1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సు 1,700 మందికి పైగా బలితీసుకున్నది మీథేన్‌తో కాదు, కార్బన్ డయాక్సైడ్‌తో. మీరు రెండింటినీ ఒకే గాట కట్టేశారు.

భయపెట్టే ముందు పనితీరు చెప్పాలన్నది నా పాత పట్టుదల. ఒకప్పుడు న్యోస్ గురించి ఒక వారపత్రికకు రాస్తే, నీటి పొరల వివరణ చూసి పాఠకుడు పారిపోతాడని సంపాదకులవారు ఆ పేరాలన్నీ కత్తిరించి, ఆ జాగాలో పుర్రె బొమ్మ వేయించారు. పుర్రె కిందనే నా పేరు! ఇప్పటివారు పుర్రె మానేసి, శీర్షికలో 'షాకింగ్' అని పెడుతున్నారు.

రువాండా ఒడ్డున కిబుయె దగ్గరి కివువాట్ విద్యుత్ కేంద్రాన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. సుమారు 350 మీటర్ల లోతు నుంచి గొట్టంలో నీరు పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి, వాయువు తనంతట తానే బుడగలై విడిపోతుంది. శుద్ధిచేసిన ఆ మీథేన్ ఒడ్డున 26 మెగావాట్ల విద్యుత్తు అవుతుంది. వాయువు పోయిన నీటిని ఏ లోతున తిరిగి వదలాలన్నదే అసలు చిక్కు. మరీ పైన వదిలితే ఇసంబాజా చేపలు బతికే పొర పాడవుతుంది, లోతు ఎంపికలో పొరపడితే పొరల కట్టు సడలుతుంది. రాత్రిళ్ళు దీపాలతో చేపలు పట్టే జాలర్ల మీద మీరు రాసిన పేరా బాగుంది, దాని చోటు ఇదే. అక్కడికి జరిపి, తిరగరాసి పంపండి. కలంపేరు సంగతి తరువాత చూద్దాం.